ఆ బొమ్మల పుస్తకం కొనేయండి!

జనవరి మొదటివారం. విజయవాడ పుస్తక మహోత్సవం. సాయంత్రమయ్యేసరికి కాలు పెట్టడానికి చోటు లేదు. ఓ స్టాలు ముందు అయిదో తరగతి చదివే పిల్లాడొకడు ఆగిపోయాడు. చేతిలో టిన్‌టిన్ బొమ్మల పుస్తకం. అట్టమీద మంచుకొండలు, వాటి మధ్య ఓ కుర్రాడు, పక్కనే చిన్న తెల్లకుక్క. నిలబడే నాలుగు పేజీలు చదివేశాడు. అయిదో పేజీ తిప్పుతుండగా వెనకనుంచి నాన్న గొంతు.

''ఏంట్రా అది? బొమ్మల పుస్తకమా? అక్కడ పెట్టెయ్. అది చదివితే ఏమొస్తుంది? ఇటు రా, జీకే పుస్తకం తీసుకుందాం.''

''నాన్నా, ఇదొక్కటే...''

''చెప్తే వినాలి.''

పిల్లాడు పుస్తకం మూసి, తీసిన చోటే జాగ్రత్తగా పెట్టేశాడు. బయటికొచ్చేటప్పుడు నాన్న చేతి సంచిలో జీకే పుస్తకం ఉంది. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకం ఉంది. లావుపాటి నీతికథల సంకలనం ఉంది. అన్నీ వాడి కోసం కొన్నవే. అందులో వాడు అడిగింది మాత్రం ఒక్కటీ లేదు!

ఇందులో ఆ తండ్రి తప్పు పట్టడానికేమీ లేదు. కష్టపడి సంపాదించిన డబ్బు. కొడుకు బాగుపడాలన్న తపన. పుస్తకాల పండక్కి పిల్లల్ని వెంటబెట్టుకుని రావడమే గొప్ప. కానీ ఆ సంచిలోని పుస్తకాలు ఆర్నెల్ల తర్వాత ఎక్కడుంటాయి? చాలా ఇళ్లలో జవాబు ఒకటే... బీరువా పైఅరలో, కొత్తవి కొత్తగానే!

కొనేది ఎవరి కోసం?

పుస్తకాల దుకాణంలో పెద్దవాళ్లు చాలాసార్లు ఎదురుగా ఉన్న పిల్లాడి కోసం కాదు, తమ మనసులో ఉన్న పిల్లాడి కోసం కొంటారు. క్విజ్‌లో మొదటి బహుమతి తెచ్చేవాడు, గడగడా ఇంగ్లిష్ మాట్లాడేవాడు, చెప్పకుండానే మంచి బుద్ధులు నేర్చుకునేవాడు... వాడి కోసమన్నమాట. పక్కన నిల్చున్నవాడికేమో కుక్కలంటే ఇష్టం, దెయ్యాల కథలంటే ఇష్టం, బొమ్మలంటే ప్రాణం. వాడి పుస్తకం స్టాల్లోనే ఉండిపోతుంది.

చదవడం కూడా ఈత లాంటిదే. నీళ్లలో ఎంతసేపుంటే అంత వస్తుంది. నచ్చిన పుస్తకమైతే పిల్లలు వంద పేజీలు చదువుతారు. నచ్చకపోతే మూడో పేజీ దగ్గరే నిద్రొస్తుంది. వంద పేజీలు చదివినవాడికి కొత్త మాటలు, వాక్యాల పోకడ, వేగం అన్నీ వాటంతటవే అలవడతాయి. అంటే సరదా పుస్తకం, ఉపయోగపడే పుస్తకం వేరువేరు కాదు. పిల్లల విషయంలో సరదాగా ఉన్నదే ముందుగా ఉపయోగపడుతుంది.

ఫ్రాన్స్‌లో చాలాకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసిన రచయిత డేనియల్ పెనాక్ 1992లో ఈ విషయం మీదే ఓ పుస్తకం రాశాడు. చదివేవాళ్లకు పది హక్కులుంటాయన్నాడాయన. నచ్చకపోతే మధ్యలో ఆపేసే హక్కు, విసుగొచ్చిన పేజీలు దాటేసే హక్కు, చదివిందే మళ్లీ చదివే హక్కు, ఏదైనా చదువుకునే హక్కు... ఇవన్నీ పెద్దవాళ్లు రోజూ వాడుకునేవే. పేపర్లో నచ్చని వార్త వదిలేసి సినిమా పేజీకి వెళ్లిపోతాం కదా! పిల్లలు అదే పని చేస్తే మాత్రం 'కొన్నాక మొత్తం చదవాల్సిందే' అంటాం.

రెండే రెండు పరీక్షలు

మరి దుకాణంలో అంతసేపు నిల్చుని ఎంచుకోవడం ఎలా? దానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు.

మొదటిది వేళ్ల పరీక్ష. చాలాచోట్ల లైబ్రరీల్లో పిల్లలకు నేర్పే చిట్కా ఇది. పుస్తకం మధ్యలో ఏదో ఒక పేజీ తెరవాలి. పిల్లలు దాన్ని చదువుతూ, అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా ఓ వేలు మడవాలి. పేజీ పూర్తయ్యేసరికి ఒకటో రెండో వేళ్లు ముడుచుకుంటే ఆ పుస్తకం వాళ్లకు సరిపోతుంది. అయిదూ ముడుచుకున్నాయంటే ఇప్పుడే తొందర. అలాగని దాన్ని వదిలేయనక్కర్లేదు. అమ్మో నాన్నో చదివి వినిపించే పుస్తకాల జాబితాలో చేర్చుకోవచ్చు.

తెలుగు పుస్తకాలకు ఈ పరీక్ష మరీ అవసరం. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడుతూ, వత్తులూ గుణింతాల దగ్గర తడబడే ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఇప్పుడు ఎందరో. ఎనిమిదో తరగతి వయసు, రెండో తరగతి తెలుగు! అలాంటివాళ్లకు వయసును బట్టి కొంటే పుస్తకం బరువైపోతుంది. అక్షరం పెద్దదిగా ఉండి, పేజీకి రెండు మూడు వాక్యాలున్న బొమ్మల కథలతో మొదలుపెట్టడం నామోషీ ఏమీ కాదు.

రెండోది నోటి పరీక్ష. ఇది అమ్మానాన్నలకు. ఓ పేరా పైకి చదివి చూడండి. మనుషులు మాట్లాడుకునే మాటల్లా ఉందా, ఉపన్యాసంలా ఉందా? నాలుక తడబడితే, అనువాదం ముక్కస్య ముక్కగా ఉంటే కింద పెట్టేయండి. చదివేటప్పుడు మీ పెదాల మీద చిన్న నవ్వొచ్చిందా... కొనేయండి!

ఏ వయసుకు ఏది?

మూడు నుంచి ఆరేళ్ల బుజ్జాయిలకు పుస్తకం ఒక ఆటవస్తువు. నోట్లో పెట్టుకుంటారు, చింపుతారు, తలకిందులుగా పట్టుకుంటారు. వాళ్లకు బొమ్మే కథ. అమెరికా చిత్రకారుడు ఎరిక్ కార్ల్ 1969లో ఓ ఆకలిగొన్న గొంగళిపురుగు కథ వేశాడు. పురుగు తిన్న పండల్లా పేజీలో నిజంగానే చిల్లు పడి ఉంటుంది. పిల్లలు ఆ చిల్లులో వేలు పెట్టి ఆడుకుంటూనే అంకెలూ వారాలూ నేర్చేసుకుంటారు. చివర్లో పురుగు సీతాకోకచిలుక అవుతుంది. పాఠం చెప్పినట్టే ఉండదు!

మన దగ్గరా ఇలాంటివి దొరుకుతున్నాయి. చెన్నైలోని తూలిక ఒకే పుస్తకంలో ఇంగ్లిష్, తెలుగు రెండూ ఉండే బొమ్మల కథలు తెచ్చింది. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ తక్కువ ధరలో తెలుగు పుస్తకాలు వేస్తోంది. 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో కథల్ని ఉచితంగానే చదువుకునే వీలు కల్పించింది. సికింద్రాబాద్‌లోని 'మంచి పుస్తకం' సంస్థ తెలుగు పిల్లల కోసమే పనిచేస్తోంది. నేషనల్ బుక్ ట్రస్ట్ వేసే నెహ్రూ బాల పుస్తకాలయం వరుస ఎప్పట్నుంచో ఉన్నదే.

ఏడు నుంచి పదేళ్లవాళ్లకు కథ పరుగెత్తాలి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ పట్టు తెలుసుకున్నది ఇక్కడే. 1952 నుంచి దాని బాధ్యతలు చూసిన కొడవటిగంటి కుటుంబరావు పిల్లల కోసమని భాషను ముద్దుముద్దుగా చేయలేదు. చిన్న చిన్న వాక్యాల్లో, సూటిగా కథ నడిపించారు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల కోసం నెలంతా ఎదురుచూసినవాళ్లు ఇవాళ తాతయ్యలయ్యారు. బేతాళ కథల కిటుకు చూడండి. కథ అయిపోగానే ఓ చిక్కుప్రశ్న. విక్రమార్కుడు జవాబు చెప్పేలోపు వినేవాళ్లు తమ జవాబు చెప్పేస్తారు. పిల్లలు ఆలోచించాలంటే నీతివాక్యం కన్నా ప్రశ్న బాగా పనిచేస్తుందన్నమాట. చందమామ 2013 నాటికి ఆగిపోయింది. పాత సంచికలు ఇంట్లో ఉంటే మాత్రం వాటిని అటకమీద ఉంచకండి, దించండి.

ఈ వయసులోనే బుడుగు కూడా రావాలి. ముళ్లపూడి వెంకటరమణ రాత, బాపు గీత కలిసిన ఆ అల్లరి పిల్లాణ్ని పిల్లల చేతికిచ్చి వెళ్లిపోతే మాత్రం లాభం లేదు. ఆ మాటల విరుపు చూస్తే అర్థంకాదు, వింటేనే నవ్వొస్తుంది. కాబట్టి రాత్రి అన్నాలయ్యాక పైకి చదవాలి. రష్యన్ రచయిత అలెగ్జాండర్ రస్కిన్ కథలూ అంతే. జబ్బుపడిన కూతుర్ని ఊరడించడానికి ఆయన తన చిన్నప్పటి తిక్కపనులు, తిన్న దెబ్బలు, ఆడిన అబద్ధాలు చెప్పుకొచ్చాడు. అవే పుస్తకమయ్యాయి. నాన్న కూడా ఒకప్పుడు మొండిఘటమేనని తెలిస్తే పిల్లలకు ఎంత ఆనందమో!

పదేళ్లు దాటాక పిల్లలకు తమలాంటి పిల్లలు కావాలి. ఆర్.కె.నారాయణ్ 1935లో రాసిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్'లో స్కూలంటే భయం, క్రికెట్టంటే పిచ్చి ఉన్న స్వామి ఉన్నాడు. బుర్రకు పదునుపెట్టే కథలు కావాలంటే సత్యజిత్ రాయ్ 1965లో సృష్టించిన డిటెక్టివ్ ఫెలూదా ఉన్నాడు. పుస్తకం పూర్తయ్యాక 'ఏం నేర్చుకున్నావ్?' అని మాత్రం అడగొద్దు. 'ఎవరు నచ్చారు?' అని అడిగి చూడండి. అరగంట కబుర్లు గ్యారంటీ.

బొమ్మల కథలంటే చులకనా?

ఇక కామిక్స్. 'బొమ్మలు చూడ్డమే కదా, చదివేదేముంది?' అన్నది పెద్దల అనుమానం. నిజానికి అక్కడ పిల్లల బుర్ర రెండింతలు పనిచేస్తుంది. ఓ గడిలో పిల్లాడు రాయి ఎత్తి గురిచూస్తుంటాడు. పక్క గడిలో కిటికీ అద్దం ముక్కలై ఉంటుంది. రాయి విసరడం, అది గాల్లో ఎగరడం, అద్దం భళ్లుమనడం... ఇవేవీ గీసి లేవు. రెండు గడుల మధ్య తెల్లచోటులో వాటిని ఊహించుకునేది చదివేవాళ్లే! అమెరికా చిత్రకారుడు స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో ఈ కిటుకునంతా కామిక్స్ రూపంలోనే ఓ పుస్తకంగా విడమరిచి చెప్పాడు. మాట, ముఖకవళిక, వెనక దృశ్యం మూడూ కలిపి అర్థం చేసుకోవాల్సిన చదువు ఇది. అచ్చు చూస్తేనే భయపడే పిల్లలకు ఇదే మొదటిమెట్టు.

మనకూ ఈ చరిత్ర ఉంది. కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు బుజ్జాయి 'డుంబు'తో తెలుగు పిల్లల్ని నవ్వించారు. పంచతంత్రాన్ని బొమ్మల కథలుగా దేశమంతటికీ చూపించారు. 1967లో ఢిల్లీ దూరదర్శన్‌లో ఓ క్విజ్ కార్యక్రమం వచ్చింది. గ్రీకు పురాణాల మీద ప్రశ్నలకు టకటకా జవాబిచ్చిన పిల్లలు, రాముడి తల్లి పేరడిగితే నోరు తెరిచారు. అది చూసిన అనంత్ పై అమర్ చిత్రకథ మొదలుపెట్టారు. పురాణ పురుషులు, రాజులు, దేశభక్తులు అలా వందలకొద్దీ పుస్తకాల్లో ఇళ్లకు వచ్చేశారు. 1980లో ఆయనే 'టింకిల్' తెచ్చారు.

అంతమాత్రాన కామిక్స్ అన్నీ కళ్లు మూసుకుని కొనేయొచ్చా? కాదు. అమర్ చిత్రకథలో దేవతలంతా తెల్లగా, రాక్షసులంతా నల్లగా ఎందుకున్నారని పరిశోధకులు ప్రశ్నించారు. టిన్‌టిన్‌ను సృష్టించిన బెల్జియం చిత్రకారుడు హెర్జ్ తొలిరోజుల్లో వేసిన కాంగో కథలో ఆఫ్రికా మనుషుల్ని తెలివితక్కువవాళ్లుగా చూపించాడు. ఆ తర్వాత చైనా నేపథ్యంలో 'బ్లూ లోటస్' వేసేటప్పుడు చాంగ్ అనే చైనా విద్యార్థి ఆయనకు స్నేహితుడయ్యాడు. తన దేశం ఎలా ఉంటుందో చెప్పాడు. హెర్జ్ చూపు మారింది. 1960లో వచ్చిన టిబెట్ కథలో టిన్‌టిన్ మంచుకొండలెక్కేది తప్పిపోయిన చాంగ్ అనే మిత్రుడి కోసమే! ఢిల్లీలో కుతుబ్‌మినార్, ఎర్రకోట చూసుకుని మరీ వెళతాడు. అందులో విలన్ లేడు. ఉన్నదల్లా స్నేహమే. విజయవాడ స్టాల్లో ఆ పిల్లాడు కింద పెట్టేసింది ఈ పుస్తకాన్నే.

ఇలాంటివి పిల్లలతో కలిసి చదివితే 'రాక్షసులెప్పుడూ నల్లగానే ఎందుకుంటారు?' అన్న ప్రశ్న వాళ్ల నోటినుంచే వస్తుంది. వద్దని దాచేయడంకన్నా అది మేలు కదా!

ఇంకో జాగ్రత్త. బొమ్మలున్నంత మాత్రాన అన్నీ పిల్లల పుస్తకాలు కావు. నాజీల అకృత్యాలను ఎలుకలూ పిల్లుల రూపంలో చెప్పిన ఆర్ట్ స్పీగెల్‌మన్ 'మౌస్' 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం పొందింది. అది పెద్దవాళ్లు చదవాల్సింది. అంబేడ్కర్ జీవితాన్ని గోండు చిత్రకారులు దుర్గాబాయి, సుభాష్ వ్యామ్‌లు గీసిన 'భీమాయన' 2011లో వచ్చింది. దాన్ని హైస్కూలు పిల్లలతో కలిసి చదవొచ్చు. జపాన్ మాంగాల్లో చిన్నపిల్లలవీ ఉన్నాయి, పెద్దలవీ ఉన్నాయి. కొనేముందు అట్ట వెనకాల వయసు చూసుకోవాలి. ఓ నాలుగు పేజీలు తిప్పి చూడాలి. కామిక్స్ పిచ్చి ఉన్న కాలేజీ అబ్బాయి ఇంట్లో ఉంటే అతని అర తమ్ముడికి అందనంత ఎత్తులో ఉంటే మంచిది.

మరి అమ్మానాన్నలకో?

పుస్తకాల పండగనుంచి పిల్లల పుస్తకాలతోనే తిరిగొచ్చే తల్లిదండ్రులు చాలామంది. తమకంటూ ఒక్కటీ కొనుక్కోరు. 'మాకెక్కడిది టైము!' అంటారు. పుస్తకం పట్టుకున్న నాన్నను ఎన్నడూ చూడని పిల్లాడికి 'చదువుకోరా' అన్నమాట ఎలా ఎక్కుతుంది?

ఇల్లంతా కలిసి చదవగల పుస్తకం ఒకటి చెప్పమంటే చాలామంది చెప్పే పేరు 'టోటోచాన్'. జపాన్ టీవీ తార తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన పుస్తకం ఇది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ దీన్ని తెలుగులో 'రైలుబడి'గా తెచ్చింది. అల్లరి భరించలేమని ఓ బడి గెంటేసిన చిన్నపిల్ల కొత్త బడికి వెళుతుంది. అక్కడ తరగతి గదులన్నీ పాత రైలుపెట్టెలు! మొదటిరోజు హెడ్మాస్టర్ కొబయాషి ఆ పిల్ల చెప్పే కబుర్లు నాలుగు గంటలపాటు విసుక్కోకుండా వింటాడు. పిల్లలు దీన్ని సరదా కథగా చదువుతారు. పెద్దలకు మాత్రం ఆ నాలుగు గంటల దగ్గర కాస్త గుండె కలుక్కుమంటుంది. మన పిల్లలు చెప్పేది మనం చివరిసారి పది నిమిషాలు విన్నదెప్పుడు? ఆ బడి 1945లో బాంబుదాడుల్లో కాలిపోయింది. పుస్తకం వల్లే బతికుంది.

గిజుభాయి 1930ల తొలినాళ్లలో గుజరాతీలో రాసిన 'దివాస్వప్న' తెలుగులో 'పగటికల'గా వచ్చింది. లాయరు పని మానేసి పిల్లల చదువు కోసం జీవితం ధారపోసిన మనిషి ఆయన. నాలుగో తరగతి అప్పగించాక ఆ కథలోని మాస్టారు తొలిరోజుల్లో చేసే పని పాఠం చెప్పడం కాదు, కథ చెప్పడం. తర్వాత తరగతిలోనే ఓ చిన్న గ్రంథాలయం పెడతాడు. ఇక చలం 'బిడ్డల శిక్షణ' ఉంది. అందులోని అన్ని మాటలతో ఏకీభవించనక్కర్లేదు. పిల్లలు మన ఆస్తి కాదు, మనుషులు అన్న సంగతి మాత్రం అది గట్టిగా గుర్తుచేస్తుంది.

డబ్బుల మాటేమిటి?

రంగురంగుల కామిక్స్ ఖరీదు ఎక్కువే. ఒప్పుకోవాల్సిందే. దానికీ మార్గాలున్నాయి. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు దొరుకుతాయి. నలుగురైదుగురు పిల్లలు తలా ఒకటి కొనుక్కుని మార్చుకుంటే ఒక పుస్తకం డబ్బుతో అయిదు చదవొచ్చు. అన్నిటికన్నా ముందు ఊళ్లోని గ్రంథాలయం. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను ఎలాగూ కడుతూనే ఉన్నాం. కట్టిన డబ్బుకు పుస్తకం తెచ్చుకోవడం మన హక్కే!

వచ్చే పుస్తకాల పండక్కి ఓ చిన్న ఒప్పందం చేసుకుని బయల్దేరితే బాగుంటుంది. ఒకటి అమ్మానాన్నలు పిల్లలకు ఎంచిపెట్టాలి. ఒకటి పిల్లలు తమకు తాముగా ఎంచుకోవాలి... దాని గురించి ఎవరూ ఒక్కమాట అనకూడదు. ఒకటి అమ్మానాన్నలు తమ కోసం కొనుక్కోవాలి. జీకే పుస్తకానికీ చోటుంటుంది, టిన్‌టిన్‌కీ చోటుంటుంది.

పిల్లలతో ఒక చిక్కుంది. ఒకసారి వద్దంటే రెండోసారి అడుగుతారు. రెండోసారీ వద్దంటే, మూడోసారి అడగరు. బతిమాలరు, ఏడవరు. పుస్తకాల స్టాలు ముందు ఆగడం మానేస్తారంతే. 'మావాడు పుస్తకం ముట్టుకోడండీ' అని పెద్దవాళ్లు వాపోయేది ఆ తర్వాతే.

విజయవాడ పుస్తక మహోత్సవం ఒక్కరోజుతో అయిపోయేది కాదు. ఆ నాన్నకు ఇంకా నాలుగైదు రోజులు టైముంది. ఆ మంచుకొండల పుస్తకం ఇంకా ఆ స్టాల్లోనే ఉండొచ్చు. వాడు జాగ్రత్తగా పెట్టిన చోటే!